ఝడిపించే ఉద్యోగం

కొండలు అందంగా ఉంటాయని చెప్పేవాళ్ళలో చాలామంది వాటిని బస్సు కిటికీలోంచి చూసినవాళ్ళే. దగ్గరికి వెళ్తే గాని వాటి అసలు బుద్ధి బయటపడదు. ఆ కొండల వరస మొదట్లో వెదురు ఉంటుంది, చూడ్డానికి నాజూగ్గా ఊగుతూ. కాస్త లోపలికి వెళ్తే దాని కణుపుల దగ్గరి ముళ్ళు చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతాయి. వెదురు దాటితే దురదగొండి. దురదగొండి దాటితే జలగలు, ఎవరొస్తారా అని ఆకుల చివర్న నిలబడి మెడలు సాచి చూస్తుంటాయి. ఇవన్నీ దాటి పైన మేడిచెట్ల దాకా చేరితే అక్కడ కందిరీగలు, అడవిపందులు, పండు మీద చెయ్యి వేస్తే పళ్ళికిలించే కోతులు. ఆ కొండ ఎవరినీ రమ్మని పిలవలేదు. వచ్చినవాళ్ళని నెత్తిన పెట్టుకుంటానని మాటా ఇవ్వలేదు.

ఆ కొండ కింద, రోడ్డు ఆగిపోయే చోట, దెబ్బతిన్న అడవి జంతువులకి నయం చేసి మళ్ళీ అడవికి పంపే కేంద్రం ఒకటుంది. రేకుల షెడ్లు, ఒక ఆపరేషన్ గది, జంతువుల తిండి తయారుచేసే వంటగది, పనివాళ్ళ క్వార్టర్లు, వాటి వెనక ఇనుప వల కట్టిన పెద్ద పెద్ద దొడ్లు. అక్కడ పనిచేసే ఒకావిడని అందరూ ఉరుము అంటారు. ఆ పేరు గొంతుని బట్టి వచ్చింది. ఆమె ఇంట్లో గిన్నెలు కడుగుతూ మొగుణ్ణి కేకేస్తే గేటు దగ్గర కాపలావాడు "వస్తున్నా" అని పరుగెత్తుకొచ్చేవాడు.

ఉరుము ఉద్యోగం ఝడిపించడం. నవ్వులాటకి కాదు, నిజంగానే. కొండచరియ విరిగిపడి ఒక తల్లి ఎలుగుబంటి చచ్చిపోతే, దాని పిల్లని కేంద్రానికి తెచ్చారు. అప్పటికి అది పిల్లి కన్నా కాస్త పెద్దదంతే. ఎడమ చెవి రాయికి నలిగి సగానికి చినిగిపోయింది. జంతువులకి పేర్లు పెట్టకూడదని అక్కడ నియమం. నియమం నియమంగానే ఉంది, అందరూ దాన్ని చింపిచెవి అని పిలిచారు.

దాన్ని పెంచిన పద్ధతి వింటే కడుపు తరుక్కుపోతుంది. పాలు పట్టేవాళ్ళు తల నుంచి కాళ్ళ దాకా బూడిదరంగు ముసుగు తొడుక్కోవాలి. ఆ ముసుగుల్ని రాత్రంతా ఎండాకుల్లో పాతిపెట్టి ఉంచాలి, మనిషి వాసన రాకుండా. నోరు మెదపకూడదు, ముద్దు చెయ్యకూడదు. కడుపు నింపేది మనిషి అని దానికి తెలియకూడదు. కాస్త పెద్దయ్యాక తిండి గోడకున్న గొట్టంలోంచి జారిపడేది. ఇక అప్పట్నించి రెండో పాఠం మొదలు. మనిషి ఎప్పుడు కనపడినా ఏదో ఒక చెడు జరగాలి. ఎందుకంటే మనిషంటే భయం లేని ఎలుగు అడవిలో ఎక్కువ రోజులు బతకదు. తేనె కోసం కొండెక్కినవాడి దగ్గరికి చనువుగా పోతుంది. వాడు గొడ్డలి ఎత్తుతాడు. వాణ్ణి తప్పు పట్టడానికీ లేదు.

ఆ చెడు ఎవరు చేస్తారని కేంద్రం నడిపే డాక్టరమ్మ అందర్నీ కూర్చోబెట్టి అడిగితే, కళ్ళన్నీ ఉరుము వైపే తిరిగాయి. ఒకడు కిసుక్కుమన్నాడు. ఉరుము మాత్రం నవ్వలేదు. "సరే, నేనే ఏడుస్తాను ఆ ఏడుపు," అని లేచి వెళ్ళిపోయింది.

ఆ పనికి ఆమెకి రేకు డబ్బా, గుద్దడానికి ఇనప గరిటె, నీళ్ళు చిమ్మే పైపు, ఎండు మిరపకాయల పొగ పెట్టే కుండ ఇచ్చారు. ఇవి కాక ఆమే ఒకటి తెచ్చుకుంది, పసుపుపచ్చ రెయిన్‌కోటు. టోపీ ముక్కు దాకా దిగేది. పని మొదలుపెట్టింది వానాకాలంలో గనుక ఎవరూ ఏమీ అనుకోలేదు. పసుపుపచ్చ ఆకారం చెట్ల మధ్య కదలగానే చింపిచెవి దొడ్డి చివరికి పరుగు తీసేది, దుంగల వెనక నక్కి గుర్రుమనేది. డాక్టరమ్మ కెమెరాలో చూసి "బ్రహ్మాండం" అనేది. ఆవిడ చూసింది పారిపోయే ఎలుగుని. దేన్ని చూసి పారిపోతోందో చూడలేదు.

ఇక ఈ కేంద్రంలోనే వంటగది ఉరుము ఆడపడుచుది. అంటే మొగుడికి అక్క. పొట్టిగా, సన్నగా, గట్టిగా గాలి వీస్తే పట్టుకోవాల్సినట్టు ఉంటుంది గాని నోరు మాత్రం కత్తిపీట. ఈవిడే చూసి, మెచ్చి, పట్టుబట్టి ఉరుముని తమ్ముడికి చేసుకొచ్చింది. ఆ తప్పు తనదేనన్న కోపం ఇంకా తీరలేదు. ఒకే క్వార్టరు, ఒకే పొయ్యి, ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఉరుము తిట్టేటప్పుడు కూడా 'మీరు' అనే తిడుతుంది, అందువల్ల తిట్టు ఇంకాస్త లోతుగా దిగుతుంది. మధ్యలో ఉన్న మగమనిషి కేంద్రం జీపు డ్రైవరు. ఇంట్లో గొంతులు లేచినప్పుడల్లా జీపు టైర్లలో గాలి చూడ్డానికి బయటికి పోతాడు. ఆ కేంద్రం జీపు టైర్లలో గాలి ఎన్నడూ తగ్గింది లేదు.

"పాపిష్టిదానా," అనేది ఆడపడుచు, మేడిపండ్లు రెండు ముక్కలు కోసి బుట్టలో వేస్తూ. "తల్లిలేని పిల్లాణ్ణి పట్టుకుని మిరపపొగ పెడతావా? పొద్దున వాడు దగ్గుతుంటే నాకు ఇక్కడికి వినపడింది."

"మీకు వినపడాలనే పెట్టాను."

"చేతులెలా వస్తాయే నీకు?"

"మీ ఇంట్లో ఉండి నేర్చుకున్నాను."

"నీ ముఖం చూస్తే ఎవడైనా పారిపోవాల్సిందే. పొగలూ డబ్బాలూ దేనికి దండగ!"

ఉరుము బుట్ట లాక్కుని విసురుగా పోయేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నా ఆమెకి ఒకటే మంట. తనకి తెలిసిన ఒక సంగతి ఆడపడుచుకి తెలియదు, డాక్టరమ్మకి తెలియదు, కట్టుకున్నవాడికీ తెలియదు. పాలు పట్టిన రోజుల్లో బూడిదరంగు ముసుగు వేసుకున్నవాళ్ళలో ఉరుము కూడా ఉంది, అంతవరకు అందరికీ తెలుసు. తన వంతు వచ్చినప్పుడు చింపిచెవి పాలు తాగి, మూతి తుడుచుకోకుండా, ఆమె మోచేతి వంపులో ముక్కు దూర్చి నిద్రపోయేది. చెయ్యి తిమ్మిరెక్కినా ఆమె కదిలేది కాదు. ముసుగులో ఉన్నదెవరో ఆ పిల్లకి తెలియదు. తెలియకూడదని నియమం. ఆ నియమాన్ని ఆమె తు.చ. తప్పకుండా పాటించింది, లోపల లోపల ఏడ్చింది.

మేడిపండ్లు పండే కాలానికి చింపిచెవిని వదలాలని నిర్ణయం. పైన కొండమీద మేడితోపు నిండా పండు రాలుతుంటే కొత్తగా వెళ్ళిన ఎలుగుకి తిండి వెతుక్కోవడం తెలిసేలోపల పస్తు పడదు. ఆ కాలం దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి, అప్పటికి దొడ్డికి అలవాటుపడ్డ ఎలుగు అడవికి పనికిరాదు. వదిలేముందు ఒక పరీక్ష ఉంటుంది. దానికి అటవీశాఖ పెద్దాఫీసరు వస్తాడు. ఎలుగు ఎన్నడూ చూడని మనిషి ఒకడు ఖాళీ చేతులతో వల దగ్గర నిలబడతాడు. ఎలుగు పారిపోతే కొండకి. దగ్గరికొస్తే సిటీ జూకి, బతికినంతకాలం సిమెంటు గచ్చు మీద.

పరీక్ష రోజున కరెంటు తీగలు బాగుచేసే మెకానిక్కుని పిలిచి నిలబెట్టారు. ఉరుము షెడ్డు చాటున కూర్చుని చూస్తోంది. చింపిచెవి చెదల పుట్టని గోళ్ళతో పెకలిస్తున్నదల్లా తలెత్తింది. మెకానిక్కుని చూసింది. గాలిలోకి ముక్కు ఎత్తింది. తర్వాత, పెళ్ళికి పిలిస్తే వచ్చినట్టు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, వలలోంచి ముక్కు బయటపెట్టి, ఆ మనిషి ప్యాంటు మోకాలి దగ్గర వాసన చూసి, ఎదురుగా చతికిలబడింది. మెకానిక్కుకి పాపం ముచ్చటేసినట్టుంది, "రా నాన్నా," అన్నాడు.

పెద్దాఫీసరు వాచీ చూసుకున్నాడు. "ఇది పోయినట్టే డాక్టర్. సిటీ జూకి రాసేస్తాను."

డాక్టరమ్మ బతిమాలింది. మేడిపండ్లు ఇంకా పూర్తిగా రాలలేదనీ, కాలం దాటేలోపల ఇంకొక్క అవకాశం ఇవ్వమనీ అడిగింది. ఆయన కాసేపు నసిగి, ఇదే ఆఖరుసారి అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన జీపు గేటు దాటిందో లేదో ఉరుము వంటగది మీద పిడుగులా పడింది.

"ఎవరు పెట్టారు దానికి చేత్తో తిండి? చెప్పండి వదినా! ఈ కేంద్రంలో జాలి కారిపోయేది మీకొక్కరికే. దొంగచాటుగా వెళ్ళి తినిపించారు, ముద్దుచేశారు, అవునా? కొంప ముంచారు. మీ జాలే దాన్ని జూలో పెడుతోంది!"

ఆడపడుచు చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. "నేనా? ఆ గొట్టంలో పండు వెయ్యడం తప్పితే వాడి వెంట్రుక కూడా ఎప్పుడూ ముట్టుకోలేదే నేను."

"అబద్ధం!"

"నా తమ్ముడి మీద ఒట్టు."

"ఆయన మీద ఒట్టేసుకుంటే నాకు నష్టం గాని మీకేంటి!"

గొడవకి డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఉరుము ఇంకా రెచ్చిపోయింది. మేకుకి తగిలించిన రెయిన్‌కోటు లాగి తొడుక్కుని, "రండి మేడమ్, మీరే చూద్దురు గాని. నా పని నేను సరిగ్గానే చేశాను," అంటూ దొడ్డి దగ్గరికి దారితీసింది. పసుపురంగు కనపడగానే చింపిచెవి పడుతూ లేస్తూ పారిపోయింది. "చూశారా? నన్ను చూస్తే దానికి గుండె జారిపోతుంది. తప్పు నాది కాదు."

ఆడపడుచు కళ్ళు చిన్నవి చేసి, ఉరుముని కింది నుంచి మీదికి చూసింది. "ఆ కోటు ఇలా ఇవ్వు," అంది.

ఆ కోటులో ఆవిడ నిలువునా మునిగిపోయింది. చేతులు ఎక్కడున్నాయో తెలియలేదు, అంచు నేల మీద ఈడ్చుకుపోతోంది. అలాగే నాలుగడుగులు వేసి వల దగ్గరికి వెళ్ళింది. చింపిచెవి ఆవిణ్ణి చూసి, నోట నురగ కక్కుతూ, దొడ్డి అవతలి గోడ ఎక్కబోయింది. ఆవిడ వెనక్కి తిరిగింది. ముఖంలో కోపం లేదు, ఎవరో చెంప మీద కొట్టినట్టుంది. కోటు విప్పి నేల మీద పడేసి, "ఇప్పుడు నువ్వు వెళ్ళు," అంది ఉరుముతో.

ఉరుము వెళ్ళింది. ఉత్త చీరతో, ఉత్త ముఖంతో. చింపిచెవి కాసేపు దుంగ మీంచి తొంగిచూసింది. పసుపురంగు లేదని రూఢి చేసుకుంది. మెల్లగా దగ్గరికి రావడం మొదలుపెట్టింది.

"నేను మొదటిరోజే చెప్పానమ్మా," అంది డాక్టరమ్మ నీరసంగా. "మనిషి ముఖం కనపడాలని. కోటు నేనూ గమనించలేదు, అది నా తప్పు." తల పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయింది.

ఆడపడుచు వెళ్ళలేదు. కింద పడ్డ కోటు కాలితో తోసింది. "వానలు పోయి ఎన్నాళ్ళయిందే? ఎండాకాలమంతా ఈ రబ్బరులో ఉడికిపోయావు. సాయంత్రం విప్పితే ఒంటినిండా చెమటకాయలు. నేను మూర్ఖురాల్ని, పొగరుకి వేసుకుంటున్నావనుకున్నాను. ఇంకొకటి కూడా ఇప్పుడే తోస్తోంది. ఊరంతా వినపడే గొంతు కదా నీది, వాడి దగ్గర ఒక్కసారైనా నోరెత్తావా? డబ్బా కొట్టావు, నీళ్ళు కొట్టావు. గొంతు మాత్రం దాచుకున్నావు. ముఖం దాచుకున్నావు. వాడి తిట్లన్నీ కోటుకి తగలాలి, నువ్వు మాత్రం వాడికి చెడ్డదానివి కాకూడదు. అంతేనా?"

నిజం అంత సూటిగా వచ్చి తగిలితే, అదీ ఆడపడుచు నోటినుంచి వచ్చి తగిలితే, మనిషికి నిలబడ్డానికి నేల చాలదు. ఉరుము బుట్ట తీసుకుని మేడిపండ్ల కోసం కొండ ఎక్కేసింది.

ఆ రోజు కొండ కూడా ఆమె మీద పగబట్టినట్టే ఉంది. వెదురుముల్లు మోచెయ్యి చీరింది. చూసుకోకుండా దురదగొండిలో చెయ్యి పెట్టింది. మేడితోపులో రాలిన పండు మీద అడవిపంది ఒకటి కోరలు చూపించి అడ్డంగా నిలబడితే, ఆమె చెట్టు చాటుకి తప్పుకుని అది కడుపు నింపుకునేదాకా కాచుకుంది. పైన కొమ్మల్లో కోతులు ఆమెని నానా మాటలూ అంటున్నాయి. కింద నేల మీద ఎలుగుల అడుగులు కనపడ్డాయి, కొండ మీద పుట్టి కొండ మీదే పెరిగినవాటివి. అవి ఆమె వాసన పట్టి ఎప్పుడో తప్పుకున్నాయి. ఆ అడుగుల పక్కన కూర్చుని ఆమె ఒకటే ఆలోచించింది. ఇక్కడ ఒకరినొకరు నమ్మినవాళ్ళు ఎవరూ మిగలలేదు. చింపిచెవికి లోకం మీద నమ్మకం మిగిల్చింది తనే, తన పిరికితనమే. దాని ప్రేమ తనకి కావలసి వచ్చింది, అందుకు అది సిమెంటు గచ్చు మీద ముసలిదవుతుంది. కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవలేదు. పండ్లు ఏరుకుని దిగింది.

మర్నాడు పొద్దున్నే కోటు లేకుండా దొడ్డి దగ్గరికి వెళ్ళింది. జుట్టు బిగించి ముడేసుకుంది, ముఖం మీద ఒక్క వెంట్రుక కూడా అడ్డం రాకుండా. రేకు డబ్బా తీసుకోలేదు. మిరపపొగ కుండ, నీళ్ళ పైపు మాత్రం పక్కన పెట్టుకుంది. ఆడపడుచు వంటగది కిటికీలోంచి చూస్తోంది. ఆ సంగతి ఉరుముకి తెలుసు.

చింపిచెవి వచ్చింది. భయం లేదు, తొందరా లేదు. వల దగ్గర ఆగి ముక్కు బయటపెట్టింది. తడిగా, నల్లగా, ఊపిరి తీస్తూ వదుల్తూ. ఉరుము చెయ్యి మోచేతి దాకా వలకి ఆనించి ఉంది. ఆ ముక్కు ఆమె వేళ్ళు వాసన చూసింది, అరచెయ్యి వాసన చూసింది, మోచేతి వంపు దాకా వచ్చి అక్కడ ఆగింది. దానికేం గుర్తొచ్చిందో, అసలేమైనా గుర్తొచ్చిందో లేదో ఎవరు చెప్పగలరు. ముక్కు మాత్రం అక్కడే ఆనించి నిలబడింది. ఇన్నాళ్ళుగా ఆమె కోరుకున్నది ఇదే. ఇంతకన్నా ఇంకేం కావాలనిపించింది ఆమెకి. ఉండాల్సినదానికన్నా ఒక్క క్షణం ఎక్కువ ఉండనిచ్చింది.

తర్వాత గుండెలనిండా గాలి పీల్చి అరిచింది.

ఆ అరుపుకి షెడ్ల మీది పావురాలన్నీ లేచిపోయాయి. ఎలుగు అదిరిపడి వెనక్కి పడింది. లేచేలోపల పొగ ముఖాన కొట్టింది. "పో! పోతావా పోవా! ఎవడు పిలిచాడు నిన్ను? మళ్ళీ మనిషి దగ్గరికి వచ్చావంటే చంపేస్తాను! ముఖం చూడు, ఇదిగో, బాగా చూసుకో నా ముఖం!" గొంతు బొంగురుపోయేదాకా అరుస్తూ, పైపు తిప్పి నీళ్ళు కొడుతూ వల వెంబడి పరుగెత్తింది. దొడ్డి మూలన చింపిచెవి వణుకుతూ ఆమెని చూసింది. కోటుని కాదు, ఆమెనే.

ఒక్క ముఖం సరిపోదు. అందుకని వంతులు వేసుకున్నారు. డ్రైవరు వచ్చాడు, కాపలావాడు వచ్చాడు, ఊడ్చేవాళ్ళు వచ్చారు. డాక్టరమ్మ కూడా తెల్లకోటు విప్పేసి వచ్చి చదువుకున్నవాళ్ళ పద్ధతిలో కోప్పడింది, తర్వాత అలవాటయ్యాక బాగానే తిట్టింది. చింపిచెవి మారింది. ఎవరు కనపడినా వెంట్రుకలు నిక్కబొడుచుకుని వెనక్కి జరిగేది. ఒక్కళ్ళ దగ్గర మాత్రం జరిగేది కాదు. ఆడపడుచు వంతు వచ్చినప్పుడు ఆవిడ పైపు పట్టుకుని, "పో నాయనా, పో మరి, వెళ్ళు బాబూ," అంటే అది చక్కగా కూర్చుని వింది. నీళ్ళు పైకి చిమ్మితే పూలమొక్కలకి పడ్డాయి.

"ఇలా కాదు వదినా," అంది ఉరుము. "తిట్టండి."

"రావట్లేదే. నోరు రావట్లేదు నాకు."

"మీకా? నోరు రావట్లేదా? మీకు?"

"ఆ ముఖం చూసి ఏమని తిట్టను!"

"అయితే దాన్ని చూడకండి. అది నేననుకోండి. నన్ను తిట్టండి. దాని వైపు తిరిగి నన్ను తిట్టండి."

ఆడపడుచు ఒకసారి ఇటు చూసింది, ఒకసారి అటు చూసింది. తర్వాత, ఎన్నేళ్ళ నుంచో మూతపెట్టి ఉంచిన కుండ పొంగినట్టు, మొదలుపెట్టింది.

"నేను ఉప్పు వేసిన కూరలో మళ్ళీ ఉప్పు వేస్తావా! నా కుర్చీ వరండాలోకి ఈడ్చి పారేస్తావా! జ్వరమొచ్చి పడుకుంటే గుమ్మంలో నిలబడి నాటకాలంటావా! ఇంటికి వెలుగొస్తుందని ఏరికోరి తెచ్చుకున్నానే నిన్ను! నాకు మాట్లాడ్డానికి మనిషి ఉంటుందని తెచ్చుకున్నాను! ఒక్కరోజైనా నా పక్కన కూర్చున్నావా? ఒక్కరోజు! గోడ! గోడతో కాపురం చేస్తున్నాను నేను! పో! నా కళ్ళ ముందు నుంచి పో! నీ ముఖం చూస్తే ఎవడైనా పారిపోవాల్సిందే!"

పైపు నీళ్ళు తిన్నగా వెళ్ళి చింపిచెవి ఛాతీకి తగిలాయి. అది పరుగో పరుగు. ఆవిడ ఇంకా అరుస్తూనే ఉంది. ఉరుము వెనక నిలబడి ప్రతి మాటా విన్నది. అవన్నీ ఎలుగుకి కాదు, తనకే వచ్చాయి. వాటిలో సగం నిజమేనని కూడా ఆమెకి తెలిసింది, ఏ సగమో పైకి మాత్రం చెప్పలేదు. "చాలు వదినా," అంది చివరికి. "అది వెళ్ళిపోయింది." ఆ పూట ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. జీపు టైర్లకి గాలి పెట్టే అవసరం కూడా రాలేదు.

పెద్దాఫీసరు రెండోసారి వచ్చినప్పుడు వల దగ్గర ఆయనే నిలబడ్డాడు. చింపిచెవి ఆయన్ని చూడగానే పళ్ళు చూపించి, గాలి ఊది, దుంగలు దొర్లించుకుంటూ పోయి కనపడకుండా దాక్కుంది. ఆయన ఎంతసేపు నిలబడ్డా బయటికి రాలేదు. "నాకే భయమేసింది," అన్నాడు ఆయన. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది.

మేడిపండ్ల కాలం ఇంకా కాస్త మిగిలి ఉండగా దాన్ని పెట్టెలో పెట్టి, కొండ వెనకవైపు బండిదారిన జీపులో పైకి తీసుకెళ్ళారు. ఆడపడుచు రానంది. ఉరుము వెళ్ళింది. తోపు దగ్గర పెట్టె దింపారు. అందరూ జీపు ఎక్కి తలుపులేసుకోవాలి, ఒక్కరు తప్ప. ఎలుగు కిందికి, రోడ్డు వైపు దిగకుండా ఆ వైపున ఒక మనిషి నిలబడాలి. ఎవరని డాక్టరమ్మ అడగలేదు, ఉరుము చెప్పలేదు, వెళ్ళి నిలబడింది.

జీపులోంచి తాడు లాగితే పెట్టె తలుపు పైకి లేచింది. చింపిచెవి తల బయటపెట్టింది. మేడిపండ్ల వాసన, పుట్టమన్ను వాసన, ఎక్కడో వడ్రంగిపిట్ట చెట్టు కొడుతున్న చప్పుడు. అది ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. అప్పుడు ఆమెని చూసింది. ఖాళీ చేతులు, ఉత్త ముఖం. ఆమె అరవనే లేదు, అరవాల్సిన అవసరం రాలేదు. ఎలుగు గొంతులోంచి ఒక బెదురు అరుపు వచ్చింది. దురదగొండి, ముళ్ళు ఏదీ చూడకుండా పైకి దూసుకుపోయింది. చినిగిన చెవి ఒక్కసారి పొదల మీద కనపడింది. ఆకులు కదిలాయి, ఆగిపోయాయి.

ఉరుము కేంద్రానికి తిరిగి వచ్చేసరికి ఆడపడుచు వంటగది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. చేతిలో పని లేదు. ఆవిణ్ణి పని లేకుండా చూడటం అదే మొదలు.

"వెళ్ళాడా?"

"వెళ్ళింది."

"వెనక్కి తిరిగి చూశాడా?"

"లేదు."

"ఒక్కసారైనా?"

"నన్ను చూసింది వదినా. చూసి పారిపోయింది. నా ముఖం చూసి, ఒక్క క్షణం కూడా నిలబడలేదు." ఉరుము ఆవిడ ఎదుటికి వచ్చి నిలబడింది. "అనండి ఇప్పుడు. ఎప్పుడూ అనే మాట ఉంది కదా మీకు. ఇప్పుడనండి, వింటాను."

ఆడపడుచు నోరు తెరిచింది. ఆ మాట నాలిక చివరే ఉంది, ఎన్నేళ్ళుగానో అక్కడే ఉంది. బయటికి రాలేదు. ఆవిడ బెంచీ మీద కాస్త పక్కకి జరిగింది. పక్కన ఒక మనిషికి చోటు అయింది.

ఉరుము కూర్చుంది. కూర్చుని, ఆపుకోలేక, ఏడ్చింది. గొంతు సంగతి తెలిసిందే. గేటు దగ్గర కాపలావాడు "వస్తున్నా, వస్తున్నా" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

"నిన్నెవడు పిలిచాడురా!" అని కసిరింది ఆడపడుచు. "పో ఇక్కణ్ణుంచి!"

వాడు తోక ముడిచాడు. ఆవిడ కొంగు తీసి, మరదలి ముఖం గట్టిగా, కోపంగా తుడవడం మొదలుపెట్టింది.